జోడీ లేకుంటే నీళ్ళు లేవు

హైదరాబాద్ కార్వాన్‌లో గుడి వెనక సందు, ఆదిశేషయ్య ఇంటి ముందుగది, సాయంత్రం నాలుగున్నర. పెద్దాయన చాప మీద కూర్చొని స్వామికి మాల కడుతున్నాడు. కూతురు అలేఖ్య భర్త సాయికృష్ణ ఫోనులో ఏవో బొమ్మలు చూపిస్తున్నాడు. కోడలు సుచరిత పాఠాలు చెప్పే బడి నుంచి అప్పుడే వచ్చింది. చేతిసంచి ఇంకా భుజం మీదే ఉంది. ఆమె భర్త క్రాంతి నదిలో మునిగి చనిపోయి ఎల్లుండి శనివారానికి ఏడాది.

“డేరాల ఏసీయా?”

“ఏసీనే మామా. మంచాలు, పరుపులు, వేన్నీళ్ళు, అన్నీ ఉంటయి. డేరా అనద్దు దాన్ని. గ్లాంపింగ్ అంటరు.”

“పేరేదైతే ఏంది. నదికాడికి పోయి తలుపు మూసుకొని ఏసీల పండుడేందిరా. గంతదానికి ఇంట్లనే పండి బకెట్ల కాళ్ళు పెట్టుకుంటే అయిపోతది కద.”

“చూసినవా అక్కా, మామ మాటలు. నువ్వు జర ఇటు చూడు. పొద్దుగాల పర్దా తీస్తే ముంగట గోదారి. పండుకున్నకాడికే చాయ్ తెస్తరు. మాపటికి ఒడ్డుమీద మంట పెట్టి మక్కకంకులు కాల్చిస్తరు. నీ బిడ్డ అనన్యకు మస్తు నచ్చుతది.”

“బాగుంది సాయీ. గోదావరి అన్నావా?”

“ఆఁ. భద్రాచలం దాటినంక.”

“కృష్ణ అని కదా అనుకున్నాం. కొల్లాపూర్ అవతల. నిరుడు ఆయనా, నువ్వూ, మీ స్నేహితులు శ్రీనాథ్, అంజన్ నలుగురూ వెళ్ళిన చోటు.”

“అనుకున్నం. మల్ల ఏమైందంటే అక్కా, అక్కడ ఇప్పుడు మంచిగ లేదంటున్నరు. రోడ్డు ఖరాబైందట.”

“ఎవరన్నారు?”

“అందరు అంటున్నరు. అది కూడ కాదు, అసలు సంగతి ఏందంటే, అలేఖ్య వద్దన్నది. అన్న పోయిన జాగ మల్ల నా కండ్లతోని చూడలేనన్నది. ఏడ్చింది. సరే తియ్ అని గోదారి చేసిన. పూలు వదులుడే కద, ఏడ వదిలితే ఏంది.”

“గంగలన్నీ ఒక్కటే బిడ్డా. సాయి అన్నది నిజమే.”

“ఒకటే మామయ్యా. ఆయన పోయింది మాత్రం ఒక్కదాంట్లోనే. అలేఖ్య నిజంగా అలా అన్నదా సాయీ?”

“అన్నదక్కా. నీ మీదొట్టు... వద్దుతియ్, ఒట్లెందుకు. అన్నది.”

“నీ ఫోను మోగుతోంది.”

“అలేఖ్యనే. మా చింటుగాని పాలడబ్బా ఏడ పెట్టిన్నో అడుగుతది. తర్వాత చేస్త.”

“ఎత్తు. ఫర్వాలేదు.”

“వద్దక్కా. కట్ చేసిన.”

“నిన్న మధ్యాహ్నం నాకు చేసింది. అన్నం బెల్లు కొట్టాక. పిల్లలు తిని చేతులు కడుక్కునే దాకా మాట్లాడింది.”

“ఏమన్నది?”

“వదినా, ఆ ఒడ్డు చూడలేనని నువ్వే అన్నావట, సాయి చెప్పాడు, అందుకని గోదావరికి మార్చాడట. నాకైతే అన్నయ్య పోయిన నీళ్ళలోనే పూలు వదలాలని ఉంది, నీ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఊరుకుంటున్నాను. ఇదీ ఆమె అన్నది.”

“అట్లన్నదా?”

“నేను నీతో ఎప్పుడన్నాను సాయీ, చూడలేనని?”

“అనలే. అంటవనుకున్న.”

“ఆమెకు నా పేరు చెప్పావు. నాకు ఆమె పేరు చెప్పావు.”

“ఇద్దరి మంచికే కద అక్కా. ఇద్దరు ఆడికి పోయి ఏడుసుకుంట కూసుంటే, పిల్లలు బెదరిపోతరు.”

“పెద్ద తప్పేం చెయ్యలే బిడ్డా. మీ మనసు నొవ్వద్దని చేసిండు. గింత దానికి లొల్లి ఎందుకు? సాయికి చాయ్ పెట్టు పో.”

“పెడతాను మామయ్యా. లొల్లి ఏం లేదు. బడిలో పిల్లలు ఇలా చేస్తే ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి అడుగుతాం, అంతే. అలేఖ్య ఇంకో మాట కూడా అన్నది. నదిలో వదిలే మాల మీ చేతితో కట్టినదై ఉండాలట.”

“బజార్ల కొనుక్కోండ్రి.”

“ఏడాదిగా కొంటూనే ఉన్నాం.”

“స్వామికి కట్టే చెయ్యి ఇది. ఆ సంగతి నాడే చెప్పిన, మల్ల మల్ల అడగద్దు.”

“అడగను. అలేఖ్య చెప్పమంది, చెప్పాను. సాయీ, ఆ గోదావరి బుకింగు తీసేయి.”

“ఇప్పుడెట్ల తీస్తం? శనివారానికి రెండు రోజులే ఉన్నది. కృష్ణకాడ దొరకయి ఇప్పుడు.”

“దొరికాయి. పొద్దున బడిలో ప్రార్థన కాగానే ఫోను చేశాను. రెండు డేరాలు ఉంచుతామన్నారు. ఏసీ లేనివే. మామయ్యకు నచ్చుతాయి.”

“నువ్వు చేసినవా?”

“చేశాను. ఫోనెత్తిన అబ్బాయి మంచివాడు. బోటు నడిపే బసవయ్య ఉన్నాడా అని అడిగితే, ఉన్నాడమ్మా, శనివారం పొద్దున్నే వస్తాడు అన్నాడు.”

“బసవయ్యతోని నీకేం పని?”

“ఆయన్ని ఒడ్డుకు తెచ్చింది అతనే కదా. ఏడాదైంది, ఈ ఇంటి నుంచి ఎవ్వరమూ అతనికి ఒక నమస్కారం పెట్టలేదు.”

“నేను పెట్టిన అక్కా. నాడే పెట్టిన. నువ్వు ఫికర్ చెయ్యకు.”

“నా నమస్కారం నేను పెట్టుకోవాలి కదా.”

“అది కాదు. ముసలోడైపోయిండు. యాది ఉండదు. ఇప్పుడొకటంటడు, ఘడియకొకటంటడు. వాని మాటలు పట్టుకుంటే పరేషానైతవు.”

“ఏమంటాడు?”

“ఏదో అంటడు. నాకేం తెలుసు.”

“పరేషానవుతానన్నావు. అంటే ఏదో తెలుసుండాలి.”

“బిడ్డా, ఆ దారపుండ ఇటియ్యి.”

“ఇదిగోండి మామయ్యా. సరే, బసవయ్య మాట వదిలేద్దాం. శనివారం సంగతి చూద్దాం. పొద్దున ఐదింటికి బయల్దేరితే పదికి చేరతాం. బండి మాట్లాడావా?”

“మాట్లాడిన. ఏడు సీట్లది.”

“పులిహోర నేను చేస్తాను. పెరుగన్నం, చింటుకి మెత్తటి పప్పన్నం వేరే. దోమతెర మీ దగ్గరుందా?”

“ఉన్నది.”

“అనన్యకు రెండు జతల బట్టలు ఎక్కువ పెడతాను. నీళ్ళు చూస్తే ఆగదు. అక్కడ ఒడ్డు ఎలా ఉంటుంది సాయీ? దానికి ఈత రాదు. వాళ్ళ నాన్న వచ్చే వేసవికి నేర్పిస్తానంటూ ఉండేవారు.”

“ఒడ్డు మంచిగనే ఉంటది. తాడు కట్టి పెడతరు, డబ్బాలు తేలుతుంటయి. తాడు దాక పిల్లలకు నడుములోతే. ఇసుక. తాడు మాత్రం దాటనియ్యకు.”

“దాటితే?”

“దాటి నాలుగడుగులు వేస్తే నేల ఉండదక్కా. ఊరు మునిగిన జాగ కద అది, కుడి దిక్కు అడుగున పాత బావి గోడ ఉన్నది. నాచు పట్టి ఉంటది, కాలు పెడితే సర్రున రాళ్ళ సందుల దిగబడతది. గుంజినా రాదు. నీళ్ళు పైన వెచ్చగనే ఉంటయి, మోకాలు కిందికెల్లి మంచుతీరు. కాళ్ళు కొంకర్లు పోయి, అరుద్దమన్నా నోట్లకు...”

“ఊఁ.”

“బిడ్డను జర కనిపెట్టుకొని ఉండాలె. గంతే.”

“కనిపెట్టుకుంటాను. నువ్వు ఆ రోజు నీళ్ళలోకి దిగలేదు కదా సాయీ?”

“నేనా? లేదు.”

“డేరాలో పడుకొని ఉన్నాను, అంజన్ అరిస్తే లేచి ఉరికాను అన్నావు. పదమూడో రోజున, ఇదే గదిలో, అదుగో ఆ తలుపు దగ్గర నిలబడి అన్నావు.”

“అన్న. గట్లనే అయింది.”

“మోకాలి కింద నీళ్ళు ఎలా ఉంటాయో పడుకున్నవాడికి తెలియదు.”

“బసవయ్య చెప్పిండక్కా.”

“బసవయ్య మాటలు పట్టుకోవద్దన్నావు ఇప్పుడే.”

“పంతులమ్మ పరీక్ష పెట్టిందిరా నీకు. తప్పినవ్, బెంచీ ఎక్కు. ఊకో బిడ్డా ఇగ. పోయినోడు పోయిండు. తాగి నీళ్ళల్ల దిగినోనికి తాడేంది, గోడేంది.”

“ఆ మాట మీద ఒకటి చెప్పాలి మామయ్యా. పోయిన వారం బడిలో ఆటలపోటీల కాగితం వచ్చింది. పరుగుపందెం కప్పుకు వాళ్ళ డ్రిల్లు సారని ఆయన పేరు పెడదామని నిరుడు వాళ్ళే అన్నారు. ఈసారి నేను వెళ్ళి అడిగాను. హెడ్మాస్టరుగారు నేలకేసి చూశారు. తాగి మునిగిన మనిషి పేరు పిల్లల కప్పు మీద ఎలా రాయమంటారమ్మా అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయన విన్నది అదే. అనన్య తరగతిలో కూడా అదే విన్నారు. మీ నాన్న తాగుబోతట కదే అన్నదట ఒక పిల్ల. ఇది ఇంటికొచ్చి నన్ను అడిగింది. ఏం చెప్పానో తెలుసా సాయీ?”

“ఎందుకక్కా ఇప్పుడు...”

“అవునమ్మా, నాన్న ఒక్కసారే తప్పు చేశారు, మనం క్షమించెయ్యాలి అని చెప్పాను. అది తల ఊపింది. అప్పటి నుంచి మళ్ళీ అడగలేదు.”

“చిన్నపిల్ల. మర్చిపోతది.”

“నేను మర్చిపోలేదు. పోస్టుమార్టం కాగితం తెలుగులో చదివించుకున్నాను, నీళ్ళు మింగి పోయాడని ఉంది. మందు మాట అందులో లేదు.”

“అన్నీ రాస్తరా అక్కా వాళ్ళు?”

“ఏమో. నేనూ అలాగే అనుకొని ఊరుకున్నాను. నిన్న అలేఖ్య ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఇంత చిన్న సంగతికి రెండు వైపులా అబద్ధం చెప్పాల్సిన అవసరం సాయికి ఏం వచ్చింది అనుకున్నాను. పొద్దున లేచి అటక మీది టెంటు సంచి దింపాను.”

“బావ టెంటా? అది ఇంకా ఉన్నదా?”

“ఎక్కడికి పోతుంది? శ్రీనాథ్ తెచ్చి ఇచ్చిన రోజున అటక మీద పెట్టాను, జిప్పు తియ్యలేదు. తియ్యలేకపోయాను.”

“అందుల ఏముంటది. మేకులు, తాళ్ళు.”

“అవే. ఇసుక కూడా ఉంది. తాళ్ళు ఉస్మాన్‌గంజ్‌లో కొన్నవి. గజం గజం లాగి చూస్తుంటే దుకాణం అతను విసుక్కున్నాడట, సారూ ఏనుగును కడతవా అని.”

“వాడు గంతే. చిన్నప్పటిసంది గంతే. పతంగి మాంజా గూడ పండ్లతోని గుంజి చూసేటోడు, పెదవి కోసుకున్నా బుద్ధి రాకుండె. గా పెదవి మీద గాటు...”

“ఉంది మామయ్యా. ఎడమ పక్క.”

“ఏం లాభం తియ్.”

“ఈలలు మూడున్నాయి సంచిలో. నాలుగోది ఆయన మెడలో ఉందని వాచీతో పాటు ఆనాడే ఇచ్చారు. ఒంటి మీద తెలివి లేకుండా తాగినవాడు, ఒక్కడే ఈతకు దిగేవాడు, ఈల మెడలో వేసుకొని దిగుతాడా అని ఏడాది కిందటే అనుకోవాల్సింది. ఇంకా ఈ కాగితం ఉంది.”

సుచరిత చేతిసంచి దించి, ప్లాస్టిక్ కవరులో ఉన్న నోటుబుక్కు కాగితాన్ని పూలపళ్ళెం పక్కన పెట్టింది.

“అద్దాలు లేవు బిడ్డా నా తాన. ఏం రాసున్నది?”

“పైన పెద్ద అక్షరాలతో, జోడీ లేకుంటే నీళ్ళు లేవు అని. మీ అబ్బాయి రాతే. బడి పిల్లలను ఈతకు తీసుకెళ్ళినా ఇదే చేసేవారు. బస్సెక్కే ముందే ఇద్దరిద్దరిని జోడీలు వేసి, పేర్లు రాసి, సంతకాలు పెట్టించేవారు. ఒకరు నీళ్ళలో ఉంటే రెండోవాళ్ళ కళ్ళు వాళ్ళ మీదే ఉండాలి. మెడలో ఈల. మొదటివాళ్ళు ఊదారంటే రెండోవాళ్ళు ఏం చేస్తున్నా వదిలేసి వెళ్ళాలి. జోడీ కుదరని పిల్లవాడు ఒడ్డునే ఇసుక ఇళ్ళు కట్టుకోవాలి.”

“మేం నవ్వేటోళ్ళమక్కా. నలభై ఏండ్ల దున్నపోతులకు జోడీలేంది బావా అంటే ఇనకపోయేది. దున్నపోతులు కూడ జతగనే దిగుతయిరా మడుగుల అనేటోడు.”

“నవ్వుతూనే సంతకం పెట్టావు. చదువుతాను, వినండి మామయ్యా. ఒకటో జోడీ, శ్రీనాథ్, అంజన్. రెండో జోడీ, క్రాంతి, సాయి. ఇది నీ సంతకమే కదా సాయీ?”

“నాదే. మల్ల మార్చిండు. ఆడికి పోయినంక మార్చిండు. అంజన్ గాడు, బావ ఒక జోడీ.”

“మారిస్తే ఒక గీత కొట్టి పక్కన తారీఖు వేసేవారు. హాజరుపట్టీలో కూడా అంతే. ఇందులో కొట్టివేత లేదు.”

“యాది మర్చిండేమో.”

“మేకులు లెక్కపెట్టి సంచి మీద రాసుకునే మనిషి.”

“అక్కా, ఏడాదైంది. ఇప్పుడు కాగితాలు తీసి...”

“ఒక్కటే అడుగుతాను. కసురుకోను, ఎవరికీ చెప్పను అని మాత్రం మాట ఇవ్వలేను. జోడీ లేకుండా ఆయన నీళ్ళు ముట్టరు. మెడలో ఈల ఉంది కాబట్టి జోడీ ఉంది. జోడీ నువ్వు. ముందు దిగింది ఎవరు?”

“మామా, మీరన్న చెప్పుండ్రి.”

“నేనేం చెప్పాలెరా?”

“ఆయన వైపు చూడకు సాయీ. ఇటు చూడు.”

“చూస్తున్న.”

“ముందు దిగింది ఎవరు?”

“నేను.”

“ఊఁ.”

“సీసా నాది అక్కా. బావ ముట్టలే. రాత్రి మస్తు తిట్టిండు, నీళ్ళకాడ ఇదేందిరా అని. పొద్దుగాల్ల తొమ్మిదైనా నాకు మత్తు దిగలే. బావ ఆడ రాళ్ళు పేర్చి ఉప్మా చేస్తున్నడు. నేను పోయి తాడు దాటిన. లైఫ్ జాకెట్ వేసుకోలే. కాలు ఇరుక్కున్నది. ఈల ఊదిన. ఒక్కసారే ఊదిన అక్కా. రెండోసారి ఊదేటాళ్ళకు బావ నా పక్కనున్నడు.”

“ఆయన జాకెట్?”

“చేతిల పట్టుకొనొచ్చిండు. తను వేసుకోలే. నాకు తొడిగి, బెల్టు పెట్టి, కిందికి మునిగి నా కాలు సందులకెల్లి తీసిండు. కిందికెల్లి తోసిండు నన్ను. ఆ చెయ్యి ఇంకా ఈడ తెలుస్తది నాకు, ఈ అరికాలుకు. నేను పైకొచ్చి తాడు పట్టుకొని తిరిగి చూస్తే బావ రాలే.”

“మళ్ళీ వెళ్ళావా?”

“పోలే. ఒడ్డున కూసున్న. జాకెట్ నా మీదనే ఉండె. అంజన్ పోయి బసవయ్యను తెచ్చేదాక కూసునే ఉన్న. భయమైందక్కా.”

“ఆయన తాగలేదు.”

“లేదు.”

“ఒక్క చుక్క కూడా.”

“వాసనే పడదు కద బావకు. నీకు తెల్వదా.”

“తెలుసు. పన్నెండేళ్ళు తెలుసు. తెలిసి కూడా నలుగురు చెప్పేసరికి నమ్మాను. చెయ్యని తప్పుకు ఏడాది పాటు ఆయన్ని క్షమిస్తూ వచ్చాను సాయీ. రోజూ దీపం పెట్టి, ఆ ఫోటో ముందు నిలబడి, పోనీలెండి అనేదాన్ని.”

“కాళ్ళు మొక్కుత అక్కా.”

“లే. నా కాళ్ళు ఎందుకు. శ్రీనాథ్‌కి తెలుసా?”

“తెలుసు.”

“అంజన్‌కి?”

“తెలుసు. అందరం ఒక్కటే మాట మీద ఉండాలని అనుకున్నం.”

“శనివారానికి పిలిస్తే ఇద్దరూ ఎందుకు రామన్నారో ఇప్పుడు అర్థమైంది. అలేఖ్యకు?”

“తెల్వదు. ఆమెకు చెప్పకక్కా. చింటుగానికి పది నెలలు. తెలిస్తే ఆమె నన్ను... నా ముఖం చూడదు.”

“మళ్ళీ మోగుతోంది. ఆమేనా?”

“ఆమెనే.”

“కట్ చెయ్యకు. మోగనివ్వు.”

“అక్కా...”

“అనుకున్నాం అన్నావు. తాగాడని చెప్పాలని అనుకున్నది ఎవరు? నీకు తోచిందా, అంజన్‌కి తోచిందా?”

“నేను దాయలే అక్కా. నిజంగ దాయలే. ఆ దినం దవాఖానకాడనే చెప్పిన. సీసా సంగతి, తాడు సంగతి, ఉన్నదున్నట్టు చెప్పిన.”

“ఎవరికి? నేను దవాఖానకు రాలేదు. అలేఖ్యను కదలనివ్వలేదు. శ్రీనాథ్, అంజన్ నీతోనే ఉన్నారు, వాళ్ళకు కొత్తగా చెప్పేదేం లేదు. ఎవరికి చెప్పావు సాయీ?”

“నన్నడగకు అక్కా. నీకు దండం పెడత.”

“మామయ్యా, దారం తెగింది.”

“ఆఁ?”

“దారం తెగింది. పూలు కింద పడుతున్నాయి.”

“పడనియ్యి.”

“ఆ రోజు కబురు తెలియగానే మీరొక్కరే వెళ్ళారు. నువ్వు అనన్యను చూసుకో బిడ్డా, ఆడ నువ్వు తట్టుకోలేవు అన్నారు. నా మీద ప్రేమతో అన్నారనుకున్నాను.”

“ప్రేమతోనే అన్న.”

“పదమూడో రోజున ఆయన ఫోటో లోపలి గదిలో పెట్టమన్నారు. గుడికి కట్టే చేత్తో తాగి సచ్చినోనికి మాల కట్టనన్నారు. చుట్టాలందరూ విన్నారు. రోజూ గుడిమల్కాపూర్ పూలమార్కెట్ నుంచి బుట్టెడు పూలు వచ్చే ఇంట్లో, కొడుకుకి బజారు మాల వేశాం.”

“కోపానికి కాదు బిడ్డా. చేతులు రాలే. ఎన్నిసార్లు కూసున్ననో. నువ్వు బడికి పోయినంక, ఒక్క మూర కడదామని కూసునేటోన్ని. ముడి పడకపోయేది.”

“ఎందుకు?”

“అలేఖ్యకు ఏడో నెల అప్పుడు. ఇంట్ల ఒకటి ఆరిపోయింది. రెండోది గూడ ఆరిపోవాల్నా? అన్నను మింగినోడు అని మొగన్ని చూసుకుంట అది ఎట్ల సంసారం చేస్తది, పుట్టేటోన్ని ఎట్ల ఎత్తుకుంటది? గదే కానొచ్చింది నాకు. నువ్వు కానరాలే. అనన్య కానరాలే. అబద్ధమెందుకు, కానరాలే.”

“సాయి వచ్చి మీ కాళ్ళ మీద పడ్డాడు. పోలీసులకు అబద్ధం చెప్తుంటే, కూతురి కోసం వింటూ ఊరుకున్నారు. అంతేనా మామయ్యా?”

“సాయి అబద్ధం చెప్పలే బిడ్డా. వాడు నిజమే చెప్పవోయిండు. వాని చెయ్యి గుంజి ఎనుకకు జరిపి, నా కొడుకు తాగిండు సార్ అని ముందుగాల అన్నది నేను.”